కంప్యూటర్ కొన్న త్రిసభ్య కమిటీ

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నాకు ఫోన్ చేసి తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాం. లెక్కలకీ, థీసిస్ రాసుకోడానికీ పనికొచ్చే కంప్యూటర్ తక్కువలో ఏది కొనమంటారు?" బొగ్గు నమూనాలు తీస్తూ ముప్పై నాలుగేళ్లు గడిపి రిటైరైన మనిషిని ఈ మాట ఎందుకడుగుతారని మీకు అనుమానం రావచ్చు. నేను ఒకావిడకి ఒకసారి కంప్యూటర్ తప్పుగా కొనిపించి, రెండోసారి సరిగ్గా కొనిపించానని వాళ్లు ఎక్కడో విన్నారు. సగమే విన్నారు. మిగతా సగం కూడా చెబుదామని కూర్చున్నాను.

మాది ఉక్కు తయారీకి కావలసిన కోక్ కాల్చే ఫ్యాక్టరీ. రేవులో దిగిన బొగ్గు వాగన్లలో మా యార్డుకి వస్తుంది, దాన్ని ఓవెన్లలో కాలిస్తే కోక్ అవుతుంది. వాగన్ ఎక్కి నమూనా తీసి లాబ్‌కి పంపడం నా పని. ఆ లాబ్‌లో సీనియర్ కెమిస్ట్ ఒకావిడ ఉండేది, ఇప్పటికీ ఉంది. అందరం మేడమ్ అనేవాళ్లం. సబ్బవరం దగ్గర రైతుల ఇంట పుట్టి, ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివిన మనిషి. ఏ బొగ్గు ఎంత కలిపితే కోక్ ఎంత గట్టిగా వస్తుందో కాల్చకముందే చెప్పగలిగే సూత్రం ఒకటి కనిపెట్టాలని ఆవిడ పట్టుదల. మా లాబ్‌లో ఏళ్ల తరబడి రాసిన రిజిస్టర్లే దానికి ఆధారం. ఫ్యాక్టరీ అనుమతితో ఆ పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టుకుంది.

నేను రిటైరైన తర్వాత ఒకరోజు ఆవిడ ఫోన్ చేసింది. "సార్, నా పీహెచ్‌డీ థీసిస్‌కి యూనివర్సిటీవోళ్లు ఎనిమిది నెలలిచ్చారు. ఇదే ఆఖరి గడువంట. అది దాటితే రిజిస్ట్రేషన్ కేన్సిలే. ఆఫీసు కంప్యూటర్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వరు, ఇంటికి తేనివ్వరు. నాకంటూ ఒకటి కొనుక్కోవాలి. నలభై వేలకి మించితే ఇంట్లో అడగాల, నాను అడగను. ఏది కొనాలో మీరు సూసి పెట్టండి." అప్పటికే ఆవిడకి యాభై ఆరేళ్లు. ఈ గడువు పోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే వయసు కాదు.

నాకు కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియదు కానీ, తెలియనిదేదైనా కనిపిస్తే వదలబుద్ధి కాదు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన కొత్తలో ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట ఎలా నడుస్తుందో చూద్దామని తెల్లారకముందే వెళ్లి, చేపలు తినని ఇంట్లో నాలుగు కేజీల చేపలు పాడుకుని వచ్చిన చరిత్ర నాది. మేడమ్ ఫోన్ పెట్టెయ్యగానే మా స్టోర్స్ మిత్రుడికి చేశాను. నాతోపాటే రిటైరయ్యాడు. నట్టుబోల్టుల నుంచి మైక్రోస్కోపుల దాకా ఫ్యాక్టరీకి ఏది కావాలన్నా కొటేషన్లు పిలిచి కొన్న చెయ్యి. ఇక్కడివాడు, చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు.

"ఊరికే షాపుకెల్లి కొనీసుకోడమేటి బావా," అన్నాడు. "పద్ధతి ఉంటాది కదా. కమిటీ ఎయ్యాల."

వేశాం. మేడమ్, అతను, నేను. మద్దిలపాలెంలో ఒక టిఫిన్ హోటల్లో మూడు దోసెలు చెప్పి సమావేశమయ్యాం. అతను ఇంటినుంచే గీతలు గీసిన పెద్ద కాగితం తెచ్చాడు. ఫ్యాక్టరీలో ఏ వస్తువు కొన్నా ఇలాంటి కాగితం మీద అన్ని షాపుల వివరాలూ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లం. ప్రాసెసర్ ఒక గడి, మెమరీ ఒక గడి, గ్రాఫిక్స్ కార్డు ఒక గడి, గ్యారంటీ ఒక గడి. గ్రాఫిక్స్ కార్డు ఎందుకని మేడమ్ అడిగింది. సైన్సు లెక్కలంటే బరువైన లెక్కలు, కాబట్టి బరువు మోసే మెషిన్ ఉండాలని నేను చెప్పాను. ఎక్కడ విన్నానో కూడా గుర్తులేదు, కానీ చాలా ధీమాగా చెప్పాను. మనకి కావలసిన దానికన్నా ఒక మెట్టు ఎక్కువే అడగాలన్నది స్టోర్స్‌వాళ్ల సూత్రం. దాని ప్రకారం అన్ని గడుల్లోనూ ఒక మెట్టు పెంచి రాశాం.

నాలుగు షాపులు తిరిగాం. అన్ని గడులూ నిండి, ధర నలభై లోపల ఉన్నది ఒకటే దొరికింది. కుర్రాళ్లు ఆటలాడుకునే లాప్‌టాప్ అది. షోకేసులో పెట్టి ఉంచిందని తగ్గించి ఇచ్చారు. మూత తీస్తే అక్షరాల కింద ఎర్ర లైట్లు వెలిగాయి.

"నాకీ ఎర్ర లైట్లేటి సార్?" అంది మేడమ్ మెల్లిగా.

"ఆపీయొచ్చమ్మా," అన్నాడు మిత్రుడు. "ఎల్-వన్ తేలిపోనాది. ఇంక మాటాడకూడదు." అందరికన్నా తక్కువ ధర చెప్పినవాణ్ని స్టోర్స్ భాషలో ఎల్-వన్ అంటారు. అది తేలాక కమిటీ నోరెత్తకూడదు. మేం కాగితం కింద సంతకాలు కూడా పెట్టాం.

నెలన్నర గడిచింది. ఎంతవరకు వచ్చిందో తెలుసుకుందామని ఒక ఆదివారం సబ్బవరంలో వాళ్లింటికి వెళ్లాను. కొత్త కాలనీలో చిన్న ఇల్లు. ముందుగదిలో మేడమ్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఎన్ని పేజీలైందని అడిగితే తొమ్మిది అంది. నెలన్నరలో తొమ్మిది. ఆ లాప్‌టాప్ తెర చిన్నది. దాని మీద రిజిస్టర్ ఫొటో తెరిచి ఒక అంకె చూడటం, అది మూసి పట్టికలో వేయడం, అది మూసి రాస్తున్న పేజీకి రావడం, వచ్చేసరికి అంకె మర్చిపోవడం, మళ్లీ వెనక్కి వెళ్లడం. లోపలి ఫ్యాను గోల ఇంట్లో మిక్సీ తిరుగుతున్నట్టే ఉంది. అరచేతుల కింద వేడి. నేనున్నప్పుడే కరెంటు పోయింది. ముప్పావుగంటలో బ్యాటరీ కూడా అయిపోయింది.

ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. చీకటైన తెరని చూస్తూ, "నాకే రావట్లేదేమో సార్," అంది. "ఈ వయసులో ఇంక రాదేమో. మీరు మంచిదే కొనిపెట్టారు. నాను సరిగ్గా వాడుకోలేకపోతన్నాను."

సిగ్గేసింది. తిట్టినా బాగుండేది. మా తప్పుని ఆవిడ తన నెత్తిన వేసుకుని, ఇన్నేళ్ల పని వదిలేసుకోడానికి సిద్ధపడుతోంది.

కరెంటు వచ్చాక, "మీ పనిలో అన్నింటికన్నా పెద్ద లెక్క ఏదమ్మా? ఒకసారి చేసి చూపించు," అన్నాను. ఆవిడ ఒక మీట నొక్కింది. నేను జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకునేలోగా జవాబు తెరమీద ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే సార్."

ఆ కళ్లజోడు పెట్టుకునే వ్యవధి కోసం మేం బరువు మోసే మెషిన్ కొన్నాం. మరి మిగతా సమయమంతా ఎక్కడికి పోతోంది? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. బస్సులో వస్తున్నంతసేపూ ఇంకేమీ తోచలేదు. గాజువాక దాటాక తట్టింది. ముప్పై నాలుగేళ్లు నమూనా తియ్యకుండా ఒక్క వాగన్‌ని కూడా లోపలికి పోనివ్వని మనిషిని, మేడమ్ పనిలోంచి ఒక్క నమూనా కూడా తియ్యకుండా కంప్యూటర్ కొనిపించాను.

తర్వాతి మూడు ఆదివారాలు నోటుపుస్తకం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మా వృత్తిలో నమూనా సమాన దూరాల్లో తియ్యకూడదు, చీటీ వేసి తియ్యాలి. లేకపోతే దొంగ సరుకు తప్పించుకుంటుంది. అందుకని మూడు నుంచి పన్నెండు వరకు అంకెలు రాసిన చీటీలు ఒక స్టీలు గ్లాసులో వేసుకున్నాను. ఏ చీటీ వస్తే అన్ని నిమిషాలకి ఫోన్‌లో గంట పెట్టడం. గంట మోగిన క్షణాన మేడమ్ ఏం చేస్తోందో చూసి ఒక గీత గియ్యడం. ఆవిడ భర్త టీ తెచ్చి ఇస్తూ, "ఏటి సేత్తన్నారండీ?" అని అడిగాడు. మీ ఆవిడని శాంప్లింగ్ చేస్తున్నానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి ఇంకో బిస్కట్టు పెట్టి వెళ్లాడు.

నూట ఇరవై గీతలయ్యాక కూడి చూశాం. లెక్కలు చేస్తూ దొరికింది నాలుగుసార్లు. వాక్యాలు రాస్తూ దొరికింది ముప్పై చిల్లర. తక్కినదంతా రిజిస్టర్‌కీ పట్టికకీ పేజీకీ మధ్య తిరగడమే, అంకెలు సరిచూసుకోవడమే, సమీకరణాలు సర్దుకోవడమే. మేడమ్ ఆ గీతల్ని తనే మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. "అయితే తప్పు నాది కాదేటి?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడకి కావలసింది వేగం కాదు, చోటు. రెండు పెద్ద తెరలు, వేళ్లు నొప్పెట్టని కీబోర్డు, కరెంటు పోతే గంటసేపు నిలబెట్టే యూపీఎస్. మద్దిలపాలెంలో ఆఫీసులు వాడి వదిలేసిన కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపుంది. లాప్‌టాప్ పట్టుకుని ముగ్గురం మళ్లీ బయల్దేరాం. ఎల్-వన్‌ని రద్దు చేస్తే ఆడిట్ ఒప్పుకోదని మిత్రుడు దారిపొడుగునా గొణిగాడు. షాపులో ఈసారి కాగితాలు తియ్యలేదు. మేడమ్‌ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, తన థీసిస్‌లోంచి ఒక పేజీ మొత్తం అక్కడే కొట్టమన్నాం. ఒక తెరమీద రిజిస్టర్, రెండో తెరమీద రాత. గంటన్నర పట్టింది. రెండు కీబోర్డులు వద్దంది, మూడోది తీసుకుంది. షాపతను మా లాప్‌టాప్ ఉంచుకుని, బూడిదరంగు పాత పెట్టె, రెండు తెరలు, యూపీఎస్ ఇచ్చాడు. "ఇంత కొత్త మాల్ ఇచ్చీసి, ఇంత పాతది పట్టుకుని సంబరంగా ఎల్తన్నారేటి సార్?" అని నవ్వాడు.

నన్ను అడిగే పిల్లలకి నేను చెప్పేది ఇక్కడివరకే. ముందు మీ పనిని వారం రోజులు కనిపెట్టి చూసుకోండి, తర్వాత షాపుకి వెళ్లండి అంటాను. వాళ్లు సరే సార్ అని పెట్టేస్తారు. అసలు జరిగింది ఆ తర్వాత.

పని జోరందుకుంది. నెలకి ఒక అధ్యాయం పూర్తవుతోంది. గడువుకి పందొమ్మిది రోజులుందనగా మేడమ్ ఫోన్ చేసి, "సార్, ఓపాలి రండి. బొమ్మలో ఏదో ఉంది," అంది.

వెళ్లాను. కుడితెర నిండా గ్రాఫు. బొగ్గుని బట్టి కోక్ ఎంత గట్టిగా ఉండాలో సూత్రం చెప్పింది ఒక గీత. నిజంగా ఎంత గట్టిగా వచ్చిందో చుక్కలు. వందల చుక్కలు గీతని అంటిపెట్టుకుని ఉన్నాయి. కింద ఒక మూల మాత్రం కొన్ని చుక్కలు విడిగా గుంపుకట్టి ఉన్నాయి. చిన్న తెరమీద అవి మచ్చలా అలుక్కుపోయి ఎప్పుడూ కనబడలేదట. లెక్కపెడితే ముప్పైయొకటి. అన్నీ ఒకే వానాకాలానివి. బొగ్గు కాగితం మీద చాలా బాగుంది, కోక్ మాత్రం మెత్తగా వచ్చింది.

"ఇవి ఉంటే సూత్రం నిలబడదు సార్," అంది. "తీసేద్దామంటే, కారణం సెప్పకుండా చుక్క తీసేత్తే అది మోసం అంటారు మా గైడు. కారణం సూపించు, లేదా సూత్రం మానుకో అన్నారు."

నాకు హుషారొచ్చింది. ఇలాంటివి కనిపెట్టడమంటే నాకు ఆకలి కూడా వెయ్యదు. "ఒకే కాలంలో వచ్చాయంటే ఒకే చెయ్యి ఉంటుందమ్మా. నమూనా ఎవరు తీశారో పక్క గడిలో పొట్టి సంతకం ఉంటుంది కదా. ఆ ఫొటోలు తియ్యి, ఎవడో ఈ మహానుభావుడు, పట్టుకుందాం," అన్నాను. ఎడమతెర మీద ఆవిడ ఒక్కొక్క పేజీ తెరిచింది. నేను కుర్చీ ముందుకి లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, తేదీలు చదువుతూ చుక్కలతో సరిచూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. తేదీలు సరిపోతున్నాయి. నాలుగో పేజీకి ఆవిడ చెయ్యి ఆగింది. ఏమ్మా ఆగావు అన్నాను. అప్పుడు పక్క గడి చూశాను. చివరి అక్షరం తోక కిందికి లాగి, దాని మీద అడ్డంగా ఒక గీత. ముప్పై నాలుగేళ్లు నేను పెట్టిన సంతకం.

గుర్తులేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ వానాకాలంలో ఒకసారి వాగన్ మీద కాలు జారి పడబోయాను. నమూనా తియ్యాలంటే మోచేతి లోతున, అయిదు చోట్ల తవ్వాలి. పడబోయిన దగ్గర్నుంచి భయం పట్టుకుంది. కొన్ని వారాలు నిచ్చెన మీద నిలబడి, అందినచోట పైపైన ఎత్తి సంచిలో వేశాను. అయిదు చోట్లా తవ్వానని రాశాను. వాన పైనున్న మట్టినీ పొడినీ కిందికి కడిగేస్తుంది. పైన మిగిలేవి శుభ్రమైన గడ్డలు. లాబ్‌కి ఆ గడ్డలు వెళ్లాయి, ఓవెన్లకి కింద ఉన్న అసలు బొగ్గు వెళ్లింది. కోక్ మెత్తబడితే ఓవెన్ల వాళ్లు సరిగ్గా కాల్చలేదన్నారు. నేను విన్నాను, ఊరుకున్నాను. వానలు తగ్గాక మళ్లీ లోతుగానే తవ్వాను. దాంతో సరిపోయిందనుకున్నాను.

మేడమ్ తెరవైపే చూస్తూ, "బొగ్గు రకం మారిందని రాసేద్దాం సార్," అంది. "అన్నేళ్ల కిందటి మాట. ఎవులడుగుతారు?"

సరే అనాలని నాకెంత అనిపించిందో ఇప్పుడు రాయడానికి కూడా ఇబ్బందిగా ఉంది. ఆవిడ భర్త తెచ్చిన టీ చల్లారిపోయింది. నా సంతకం నావైపు చూస్తోంది. బొగ్గు మారిందని రాస్తే ఆవిడ సూత్రంలో ఒక అబద్ధం శాశ్వతంగా ఉండిపోతుంది, దాన్ని నమ్మి ఎవరో ఎక్కడో బొగ్గు కలుపుకుంటారు.

"నమూనా సరిగ్గా తియ్యలేదని రాయమ్మా," అన్నాను.

"నాను రాత్తే సరిపోదు సార్. నీకెవరు సెప్పారని అడుగుతారు."

"అయితే లే. నేను రాస్తాను."

ఆవిడ లేచి కుర్చీ ఇచ్చింది. నేను ఎంచిపెట్టిన ఆ కీబోర్డు మీద నేను మొదటిసారి కొట్టింది ఆ ఉత్తరమే. రెండు వేళ్లతో, పదకొండు వరసలకి గంట పట్టింది. ఫలానా వానాకాలంలో ఫలానా వాగన్ల నుంచి నమూనాలు నేను పైపైనే తీశాను, లోతుగా తవ్వినట్టు రాశాను, అవి లెక్కలోకి రావు. ప్రింటు తీయించి సంతకం పెట్టాను. థీసిస్ చివర అనుబంధంగా అది చేరింది. ముప్పైయొక్క చుక్కలు తీసేస్తే సూత్రం నిలబడింది. గడువుకి రెండు రోజుల ముందు మేడమ్ థీసిస్ ఇచ్చేసింది.

కొన్ని నెలలకి యూనివర్సిటీలో అందరి ఎదుటా ఆవిడని ప్రశ్నలడిగే రోజు వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి పాతవాళ్లూ కొత్తవాళ్లూ పాతికమంది వెళ్లాం. ముప్పైయొక్క చుక్కలు ఎందుకు తీసేసిందో చెబుతూ మేడమ్ నా ఉత్తరం చదివి వినిపించాక, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి థీసిస్ చివరి పేజీలు తిప్పి, "ఈ ఉత్తరం రాసినాయన వచ్చారా?" అని అడిగారు. వెనక వరసలో లేచి నిలబడ్డాను.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ. ఎందుకు రాశారు?"

"ఎవరో కనిపెడదామని నేనే బయల్దేరానండి. దొరికాక వదిలెయ్యడం కుదరలేదు."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. నన్ను కూర్చోమని, ఆ పేజీ మీద టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లారు. మధ్యాహ్నానికల్లా మేడమ్ డాక్టరైంది. స్టోర్స్ మిత్రుడు కళ్లు తుడుచుకుని, కొనుగోలు కమిటీ ఫైలు ఇక మూసేయొచ్చన్నాడు.

అందరూ స్వీట్లు తింటుంటే, మెట్ల దగ్గర ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. ఓవెన్ల మీద షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసి నాకన్నా ముందే రిటైరైన మనిషి. పదేళ్ల తర్వాత చూస్తున్నాను. బాగున్నారా అన్నాను.

"ఆ వానాకాలం మెమో నాకిచ్చినారు బాబూ. ఓవెన్ సరిగ్గా కాల్చలేదని. ఇంక్రిమెంటు ఆపీసినారు. నాను సరిగ్గానే కాల్చినానని సెప్పినాను. ఎవులూ నమ్మలేదు. ఇంట్లోవోళ్లు కూడా నమ్మలేదు."

"మీరు సరిగ్గానే కాల్చారండి," అన్నాను. "తప్పు నాదే."

తిడతాడనుకున్నాను. ఆయన, "ఆ ఉత్తరం జెరాక్స్ ఒకటి ఇప్పించండి," అన్నాడు.

మేడమ్‌ని అడిగి థీసిస్ తీసుకుని, యూనివర్సిటీ గేటు బయట షాపులో ఆ పేజీ కాపీ తీయించి ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి, పదకొండు వరసలూ పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకోలేదు. చేత్తో అలాగే పట్టుకుని బస్సెక్కాడు.